నమ్మితే మనశ్శాంతి వస్తుందా, మనశ్శాంతి ఉన్నవాళ్లే నమ్ముతారా?

రాత్రిపక్షి
నాన్న పోయి పదకొండు నెలలైంది. ఇంట్లో అమ్మ, నేను. ఇద్దరికీ పోయింది ఒకే మనిషి. కానీ అమ్మ పదింటికి పడుకుంటే తెల్లవారుజామున ఐదుదాకా కదలదు. నేను రాత్రి రెండింటికి ఫ్యాన్ రెక్కలు లెక్కపెడుతుంటాను. మూడే, ఎన్నిసార్లు లెక్కపెట్టినా.

మా ఇద్దరికీ తేడా ఒక్కటే. అమ్మకి దేవుడున్నాడు, నాకు లేడు. కాలేజీ రోజుల్లోనే పోయింది నమ్మకం. ఎవరితోనో వాదించి కాదు, జుట్టు ఊడినట్టు తెలియకుండా ఊడిపోయింది.

అమ్మ రోజూ పొద్దున్నే తలుపు దగ్గరగా వేసుకుని ఓ గంట ప్రార్థన చేసుకుంటుంది. మొన్న ఛార్జర్ కోసం అటు వెళ్తూ తలుపు బయట ఆగిపోయాను. లోపల స్తోత్రాలేమీ లేవు. లెక్క అప్పజెబుతోంది. "మోటారు బాగు చేయించాను. వాడు రాత్రి సరిగ్గా తినలేదు. మోకాలు నిన్నటికంటే నయం." అంతే! మేనేజర్‌కి రిపోర్టు ఇచ్చినట్టు. బయటికొచ్చేసరికి మనిషి తేటగా ఉంది.

దేవుడి మీద నాకు ఫిర్యాదేమీ లేదు, లేనివాడి మీద ఫిర్యాదేంటి? అడిగేది ఇదీ: ఈ ప్రశాంతత నమ్మకం వల్లే వస్తోందా? అయితే నమ్మనివాడి గతేంటి? నమ్మినట్టు నటిస్తే వస్తుందా? సీరియస్‌గానే అడుగుతున్నా. మెడిటేషన్ యాప్ వేసుకోమని మాత్రం చెప్పకండి. వేసుకున్నాను. ఆ గొంతు వింటే ఉన్న నిద్ర కూడా పోతోంది.

భక్తిమాల
నటించక్కర్లేదు బాబూ. మీ అమ్మగారి పక్కన ఊరికే వెళ్లి కూర్చోండి. మిగతాది ఆయన చూసుకుంటాడు.

నిప్పురవ్వ
మత్తుమందు వేసుకున్నవాడికి నిద్ర బాగానే పడుతుంది. అందులో వింతేముంది? మీకు నిద్ర పట్టకపోవడం మీరు నిజాన్ని చూస్తున్నారనడానికి గుర్తు. మతం మత్తుమందని మార్క్స్ ఎప్పుడో చెప్పాడు.

గోడమీదపిల్లి
నిజం చూసేవాళ్లందరికీ నిద్ర పట్టదంటే, మా పక్కింటి కుక్క మహా తత్వవేత్త అన్నమాట.

చదువరి_74
నిప్పురవ్వ గారూ, మార్క్స్ పేరు చెప్పి ఆ ఒక్క ముక్కే పట్టుకొస్తారు అందరూ. 1844లో అచ్చయిన ఆ వ్యాసంలో మత్తుమందు మాటకి ముందున్న వాక్యాలు కూడా చూడండి. అణగారిన జీవి నిట్టూర్పు మతం అంటాడు. దయలేని లోకానికి అదే గుండెకాయ అన్న అర్థం వచ్చేట్టు రాశాడు. ఆయన వాడిన మాట నల్లమందు. ఆ కాలంలో అది ఇళ్లలో నొప్పికి వాడుకునే మందు కూడా. నొప్పి ఉంది కాబట్టే మందు అని ఆయన గొడవ. నొప్పి పడేవాణ్ణి వెక్కిరించలేదు.

రాత్రిపక్షి గారూ, మీ ‘నటిస్తే వస్తుందా’ అన్న ప్రశ్న మూడున్నర శతాబ్దాల పాతది. పాస్కల్ అని ఫ్రెంచి గణితవేత్త. దేవుడున్నాడని పందెం కాస్తే పోయేది కొంచెం, వస్తే మాత్రం అనంతం అన్నాడు కదా. మరి నమ్మడం నా చేతుల్లో లేకపోతే ఎలాగయ్యా అని అడిగేవాడికి కూడా జవాబు రాసిపెట్టాడు: నమ్మినవాళ్లు ఏం చేస్తారో అవే చెయ్యి, మెల్లగా అలవాటు నమ్మకమవుతుంది అని. ఆ కాగితాలు ఆయన పోయాక 1670లో అచ్చయ్యాయి. పని చేస్తుందా అంటే, నాకు చెయ్యలేదు. రెండేళ్లు ప్రయత్నించాను.

లెక్కలమాస్టారు
అంకెలు లేకుండా వాదించుకుంటే పొద్దుపోతుంది గానీ తేలదు.

ప్యూ పరిశోధన సంస్థ 2019లో రెండు డజన్ల పైచిలుకు దేశాల సర్వేలు కలిపి ఒక నివేదిక ఇచ్చింది. అమెరికాలో క్రమం తప్పకుండా ప్రార్థనా స్థలానికి వెళ్లేవాళ్లలో 36 శాతం మంది ‘చాలా సంతోషంగా ఉన్నాం’ అన్నారు. ఏ మతమూ లేదన్నవాళ్లలో 25 శాతం. ఇక్కడిదాకా భక్తిమాల గారికి చప్పట్లు.

కానీ ఆగండి. మతం ఉందని చెప్పుకుంటూ పెద్దగా ఎక్కడికీ వెళ్లనివాళ్లలో ఎంతమంది? వాళ్లూ 25 శాతమే. అంటే తేడా నమ్మడం దగ్గర రాలేదు, వెళ్లడం దగ్గర వచ్చింది. పైగా ఈ అంకెల్ని బట్టి ఏది ముందు, ఏది వెనక అని చెప్పలేం. ఒంట్లో బాగోక, మనసు బాగోక ఇంట్లో కూర్చునేవాడు ఎక్కడికీ వెళ్లడు. వాణ్ణి ‘మతం లేక దుఃఖపడుతున్నాడు’ అని లెక్కగడితే ఎలా?

గోడమీదపిల్లి
మాస్టారూ, చెప్పులు వేసుకుని బయటికి వెళ్తే చాలంటారా? దేవుడు ఆప్షనల్?

లెక్కలమాస్టారు
ఉత్త చెప్పులు చాలవు. అక్కడ మనవాళ్లు ఉండాలి. లిమ్, పుట్నం అని ఇద్దరు పరిశోధకులు 2010లో సరిగ్గా ఇదే తవ్వారు. తరచూ వెళ్తూ, అక్కడ దగ్గరి స్నేహితులున్నవాళ్లకే ఆ సంతృప్తి ఎక్కువ. అంతే తరచుగా వెళ్లి ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చేసేవాళ్లకి వెళ్లనివాళ్లతో పోలిస్తే పెద్ద లాభమేమీ కనపడలేదు.

తోకచుక్క
పై పోస్టు చదివాక చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

నేను పన్నెండేళ్లు ఒక ప్రార్థన బృందంలో ఉన్నాను. ఏ మతం అనేది వదిలేయండి. పాటలు పాడేదాన్ని, కుర్చీలు సర్దేదాన్ని, ఎవరింట్లో జబ్బుచేసినా మేం వంతులేసుకుని వెళ్లేవాళ్లం. తర్వాత నమ్మకం పోయింది, వచ్చేశాను. దేవుడు లేకుండా బతకడం నాకేమంత కష్టం కాలేదు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఫోను మోగకపోవడం కష్టమైంది. వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు, సరే. ఒకావిడ బజారులో ఎదురుపడి, నన్ను చూసి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. ఫోను తలకిందులుగా ఉంది.

నేను ఆరు నెలలు ఏడ్చింది దేవుడి కోసం కాదు.

వానచినుకు
తోకచుక్క, తలకిందుల ఫోను దగ్గర నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

భక్తిమాల
అలా చేయడం తప్పు తల్లీ. ఏ దేవుడూ చెప్పని తప్పు.

నిప్పురవ్వ
‘ఏ దేవుడూ చెప్పలేదు’. ఎప్పుడూ ఇదే తప్పించుకునే దారి. మంచి జరిగితే మతం గొప్ప, చెడు జరిగితే మనుషుల తప్పు.

సగంనిద్ర
నాస్తికులు మాత్రం ఏం తక్కువ తిన్నారు? రష్యాలో స్టాలిన్ ఏం చేశాడో చదవండి.

అడ్మిన్_బంట్రోతు
స్టాలిన్ వచ్చాడంటే తర్వాత హిట్లర్ వస్తాడు, తర్వాత నేను తాళం వేస్తాను. అడిగినాయన నిద్ర గురించి అడిగాడు. దాని మీద మాట్లాడండి.

వానచినుకు
అందరూ మతం సుఖమిస్తుందా లేదా అంటున్నారు. ఎలాంటి దేవుడు అన్నది ఎవరూ అడగట్లేదే?

మా ఇంట్లో దేవుడంటే సీసీ కెమెరా. తొమ్మిదేళ్లప్పుడు నాకు రాత్రి ప్రార్థన ఒక్క తప్పు లేకుండా చెప్పాలని పట్టింపు. ఒక మాట తడబడితే మళ్లీ మొదటినుంచి. తడబడకపోయినా, చెబుతున్నప్పుడు మనసులో వేరే ఆలోచన వస్తే అదీ తప్పే, మళ్లీ మొదటినుంచి. కొన్ని రాత్రులు ముప్పై, నలభైసార్లు. దుప్పటి కింద పెదాలు కదుపుతూ ఉండేదాన్ని, అక్కకి తెలియకూడదని. పెద్దవాళ్లు ‘మా పిల్లకి ఎంత భక్తో’ అని మురిసిపోయేవారు. ఇరవై ఆరేళ్లకి ఒక డాక్టర్ చెబితే తెలిసింది, అది ఓసీడీ అని. చేతులు కడుక్కున్నవే కడుక్కునేవాళ్లలాగే, ప్రార్థన పట్టుకునే రకం కూడా ఉంటుందట.

ఇప్పుడు మందులతో, కౌన్సెలింగ్‌తో బాగున్నాను. మీరు నవ్వినా సరే, ఇప్పటికీ నమ్ముతాను. కెమెరా దేవుణ్ణి మాత్రం తీసేశాను.

డ్యూటీలోఉన్నా
నర్సుని. పదహారేళ్లుగా ఎక్కువగా క్యాన్సర్ వార్డులోనే. వానచినుకు గారు చెప్పింది నేను రోజూ చూస్తాను.

మంచం మీద ఉన్నవాళ్లలో ‘ఆయన ఉన్నాడు, చూసుకుంటాడు’ అనుకునేవాళ్లు సూది గుచ్చేటప్పుడు కూడా చెయ్యి వదులుగా పెడతారు, నరం సులువుగా దొరుకుతుంది. ‘నేనేం పాపం చేశానని ఈ శిక్ష’ అనేవాళ్లు వేరే. ఒకావిడ నెలరోజులు అదే వెతుక్కుంది, ఏ పాపం అని. చిన్నప్పుడు అత్త డబ్బాలోంచి చిల్లర తీసిందట. నాకు చెప్పి ఏడ్చింది. అదే కారణమని తేల్చేసుకుంది. ఆ దేవుడు లేకపోయి ఉంటే ఆవిడకి నొప్పి ఒక్కటే ఉండేది.

ఏ దేవుణ్ణీ నమ్మని ఒకాయన ఉండేవాడు, రిటైరైన మనిషి. ప్రార్థన చేస్తామని ఎవరైనా వస్తే ‘కూర్చోండి, చేసుకోండి, నాకు అడ్డమేం లేదు’ అనేవాడు. చివరి వారం దాకా గళ్ల నుడికట్టు పూరించాడు. పోయిన రోజు పెన్సిలు దుప్పటి మడతలో దొరికింది, రెండు గళ్లు మిగిలాయి. ఆయనంత నెమ్మదిగా పోయినవాళ్లని నేను తక్కువమందిని చూశాను.

అందుకే నమ్మేవాళ్లు, నమ్మనివాళ్లు అని రెండు గుంపులు చేస్తే మా వార్డులో లెక్క కుదరదు.

చదువరి_74
దీనికి పరిశోధన కూడా ఉంది. పార్గమెంట్ అనే మనస్తత్వవేత్త బృందం 2001లో ఆసుపత్రిలో ఉన్న పెద్ద వయసు రోగుల్ని రెండేళ్లు గమనించి రాసింది. దేవుడు వదిలేశాడనో, శిక్షిస్తున్నాడనో బాధపడినవాళ్లలో ఆ రెండేళ్లలో చనిపోయే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువని తేలింది. జబ్బు తీవ్రత లాంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా.

గోడమీదపిల్లి
ప్రార్థన మీదే ప్రయోగం చేశారు కదా, గుండె ఆపరేషన్ల వాళ్లు? మాస్టారూ, అది మీ ఖాతా.

లెక్కలమాస్టారు
2006. బైపాస్ చేయించుకున్న 1,802 మంది రోగులు, మూడు గుంపులు. వాళ్లెవరో తెలియనివాళ్లు దూరం నుంచి ప్రార్థించారు. మీకోసం ప్రార్థించవచ్చు, ప్రార్థించకపోవచ్చు అని చెప్పినవి రెండు గుంపులు. ఒకదానికి ప్రార్థించారు, రెండోదానికి లేదు. వాటిలో ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు వచ్చినవాళ్లు 52, 51 శాతం. అంటే తేడా లేదు. ‘మీకోసం తప్పకుండా ప్రార్థిస్తున్నారు’ అని చెప్పిన గుంపులో 59 శాతం!

గోడమీదపిల్లి
న్యాయమే కదా. ‘మీకోసం ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ప్రార్థిస్తున్నారు’ అంటే నా పని అయిపోయిందనే అనుకుంటాను నేనైతే.

నిప్పురవ్వ
పోనీ దేశాలు చూడండి. ప్రపంచ సంతోష నివేదికలో 2018 నుంచి వరసగా ఫిన్లాండే మొదటి స్థానం. అక్కడ చర్చి సభ్యత్వం కాగితం మీదే ఎక్కువ, ప్రతివారం వెళ్లేవాళ్లు బహు తక్కువ. దేవుడితో పని లేకుండా హాయిగా ఉన్నారు. ఇక వాదనేముంది?

లెక్కలమాస్టారు
అందులో అడిగే ప్రశ్న ఏమిటో తెలుసా? ఒక నిచ్చెన ఊహించుకోమంటారు, అడుగున సున్నా, పైన పది. మీ జీవితం ఏ మెట్టు మీదుందో చెప్పమంటారు. అది నవ్వుల కొలత కాదు, బతుకు ఎలా ఉందన్న కొలత. ఫిన్లాండు వాడికి ఉద్యోగం పోతే ప్రభుత్వం చూస్తుంది, జబ్బు చేస్తే ఆసుపత్రి చూస్తుంది. సగం ప్రార్థనలు అక్కడే తీరిపోయాయి.

డీనర్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు 2011లో చెప్పింది ఇదే. బతుకు కష్టంగా ఉన్న సమాజాల్లో మతం ఉన్నవాళ్లు లేనివాళ్లకంటే కొంత నయంగా ఉన్నారు. బతుకు సుఖంగా సాగే చోట ఇద్దరికీ పెద్ద తేడా లేదు.

నిప్పురవ్వ
అంటే నేనన్నదే. కష్టం తీరిస్తే దేవుడి అవసరం తీరుతుంది.

డ్యూటీలోఉన్నా
ఏ ప్రభుత్వం వచ్చినా రాత్రిపక్షి గారి నాన్నగారిని తీసుకురాలేదు కదండీ.

నిప్పురవ్వ
...ఒప్పుకుంటున్నా.

సగంనిద్ర
నిప్పురవ్వ ఒప్పుకున్నాడు! స్క్రీన్‌షాట్ తీసుకోండి ఎవరైనా.

భక్తిమాల
ఇందాకటి నుంచి చదువుతున్నాను. కోపం రావట్లేదు గానీ ఒకటి మాత్రం అనాలి. మీరంతా దేవుణ్ణి మాత్రలాగా చూస్తున్నారు. వేసుకుంటే నొప్పి తగ్గుతుందా, సైడ్ ఎఫెక్ట్‌లు ఉన్నాయా, ఎన్ని శాతం మందికి పనిచేసింది. నేను సంతోషం కోసం ప్రార్థించను.

మా రెండోవాడు పుట్టిన నాలుగో రోజు పోయాడు. ఆ తర్వాత మూడేళ్లు నేను ప్రార్థనలో కూర్చుంటే గోడతో మాట్లాడినట్టే ఉండేది. హాయి లేదు, కన్నీళ్లూ లేవు. అయినా కూర్చున్నాను. ఎందుకంటే కాపురం కూడా అంతే కదా. మాట్లాడుకోని రోజుల్లో కూడా ఇంట్లోనే ఉంటాం.

ఆ రోజుల్లో నన్ను మీరు సర్వే చేసుంటే ‘సంతోషంగా లేను’ అనే గుంపులో వేసేవారు. నమ్మకం లేదని మాత్రం రాయలేకపోయేవారు.

చదువరి_74
భక్తిమాల గారూ, మీరు రాసింది చదువుతుంటే మదర్ తెరిసా ఉత్తరాలు గుర్తొచ్చాయి. ఆవిడ పోయిన పదేళ్లకి, 2007లో బయటికొచ్చాయి. దాదాపు యాభై ఏళ్లు తనకి దేవుడి జాడే తెలియలేదని, లోపలంతా చీకటేనని తన గురువులకి రాసుకుంది. అందరూ ఆవిడ ముఖంలో దైవాన్ని చూశామన్న సంవత్సరాలవి.

ఇటువైపు చూస్తే, గ్రీకు ఎపిక్యూరస్ క్రీస్తుకి మూడు వందల ఏళ్ల ముందే అన్నాడు: దేవతలున్నారు గానీ మన సంగతి వాళ్లకి పట్టదు, కాబట్టి భయపడకు, స్నేహితులతో ఉండు అని. ఆయనకి మనశ్శాంతి అలా దొరికింది. బుద్ధుడైతే లోకం శాశ్వతమా కాదా లాంటి ప్రశ్నలకి జవాబే చెప్పలేదు, బాణం దిగినవాడు ముందు బాణం తీయించుకోవాలి, వేసింది ఎవరని విచారణ చేస్తూ కూర్చుంటే ఎలా అన్నాడు. రాత్రిపక్షి గారికి దిగింది నాన్నగారి బాణం. మనం మార్క్స్ దగ్గర్నుంచి ఫిన్లాండు దాకా విచారణ చేస్తున్నాం.

గోడమీదపిల్లి
చదువరి గారు ఒక్క పోస్టులో తెరిసాని, ఎపిక్యూరస్‌ని, బుద్ధుణ్ణి కూర్చోబెట్టారు. ఇక టీ పెట్టడమే తరువాయి.

తోకచుక్క
అసలాయన ఏరి? ప్రశ్న వేసి పోయారు, మనం కొట్టుకుంటున్నాం.

సగంనిద్ర
నిద్రపట్టి ఉంటుంది. మన థ్రెడ్ చదివితే ఎవరికైనా పడుతుంది.

రాత్రిపక్షి
ఉన్నాను. అన్నీ చదివాను, కొన్ని రెండేసిసార్లు. వానచినుకు గారి దుప్పటి, నర్సు గారి పెన్సిలు నాతోనే ఉండిపోయాయి.

నిన్న పొద్దున్న భక్తిమాల గారు చెప్పినట్టు వెళ్లి కూర్చున్నాను. లోపలికి కాదు, గుమ్మం దగ్గర. అమ్మ కళ్లు తెరవకుండానే ‘ఏంట్రా’ అంది. ఏం లేదన్నాను. తన రిపోర్టు తను ఇచ్చుకుంది. మోటారు బాగానే పనిచేస్తోందట. నా గురించి ‘వాడు రాత్రి మళ్లీ తిరుగుతున్నాడు, హాల్లో లైటు వేసింది నాకు తెలుసు’ అని చెప్పింది. పదకొండు నెలలుగా నేను దొంగలా నడుస్తున్నాను, ఆవిడకి తెలియదనుకుని.

అయ్యాక అడిగాను. అమ్మా, రోజూ ఇంత చెప్తావు, ఆయనెప్పుడైనా జవాబిచ్చాడా అని.

అమ్మ మోకాలు పట్టుకుని లేస్తూ అంది: "ముప్పై నాలుగేళ్లు మీ నాన్న మాత్రం ఇచ్చారా? పేపరు చదువుకుంటూ ఊ కొట్టేవారు."

నాకు నమ్మకమేమీ రాలేదు. నటించాలనీ లేదు. పాస్కల్‌కి సారీ. కానీ రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఈసారి లైటు వేయకుండా వెళ్లి అమ్మ మంచం పక్కన కింద కూర్చున్నాను. లేపలేదు. ఆవిడే చెయ్యి కిందికి జార్చి నా తల మీద వేసి, ‘చెప్పు’ అంది. ఏం చెప్పాలో తెలియక ఆఫీసులో ప్రింటర్ పాడైన సంగతి చెప్పాను. చాలాసేపు చెప్పాను. మధ్యలో ఊ కొట్టడం ఆగిపోయింది, చూస్తే నిద్రపోయింది.

భక్తిమాల
🙏

నిప్పురవ్వ
ఆ ప్రింటర్ సంగతి మాకూ చెప్పండి ఎప్పుడైనా.

గోడమీదపిల్లి
ఇంతకీ ఫ్యాన్ రెక్కలు?

రాత్రిపక్షి
అమ్మ గదిలో దానికి నాలుగు.